మూడు గీతల వెనక

కొండలరావు కుంచె మొనను కీబోర్డు మీటల మధ్యకి పోనిచ్చి, లోపల ఇరుక్కున్న జంతిక ముక్కని మెల్లగా బయటికి లాగాడు. అది బల్ల మీద పడ్డాక ఉఫ్ఫని ఊది, పై వరసకి వెళ్ళాడు. రోజూ కంప్యూటరు పెట్టే ముందు అతనికి ఈ పని ఉంటుంది. కుంచె పిడికి రంగు ఎప్పుడో పోయింది. వేళ్ళు పట్టే చోట చెక్క అతని బొటనవేలి ఆకారానికి అరిగింది. ఒకప్పుడు అమలాపురం నుంచి రాజోలు దాకా కొట్ల మీది పేర్లలో చాలా వాటికి ఆ కుంచె తగిలింది. ఇప్పుడది దుమ్ము దులుపుతోంది.

అయినా సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు దాన్ని కుళాయి కింద కడిగి, వెంట్రుకల్ని మునివేళ్ళతో తీర్చి, తల పైకి ఉండేలా గాజుగ్లాసులో నిలబెట్టి గానీ వెళ్ళడు.

"దుమ్ము దులిపే కుంచెకి రోజూ స్నానమెందుకు బాబాయ్ గారూ?" అని ప్రశాంతి నవ్వుతుంది. ఆ ఆఫీసు ఆమెది. ఊళ్ళోనే కాలేజీ చదువు చదివి, ఊళ్ళోనే వెబ్‌సైట్లు తయారుచేసే పని పెట్టుకున్న పిల్ల.

"కుంచె కడక్కుండా పడుకున్న పెయింటరూ, ఎంగిలి చేత్తో పడుకున్నవాడూ ఒకటేనమ్మా" అంటాడు కొండలరావు. ఆ మాట అతనిది కాదు. పని నేర్పిన బుచ్చిరాజు గారిది.

ఆఫీసంటే మందుల షాపు మీద ఒక మేడగది. రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, కిటికీలోంచి చూస్తే బస్సుల రోడ్డు. కింద నుంచి పైకి మెట్లు నిటారుగా ఉంటాయి. వాటి మలుపులో కొండలరావు రోజూ ఒకసారి ఆగుతాడు. ఈ మధ్య పైకి వచ్చాక గుమ్మం దగ్గర కూడా ఆగుతున్నాడు. ఎవరైనా చూస్తే రోడ్డవతల ఎదుటి గోడను చూస్తున్నట్టు నిలబడతాడు. చూడడం అబద్ధమేం కాదు. ఆ గోడ మీద ఒక కుట్టుమిషను బొమ్మ, పక్కన నీలం అక్షరాలు ఉన్నాయి. కొట్టు ఎత్తేసి చాలా ఏళ్ళయింది. వానలకి ముప్పాతిక వంతు కడుక్కుపోయినా, 'మిషన్లు' అన్న మాటలో 'ష' మెలిక ఇంకా నిండుగా ఉంది. కింద మూల చీమంత అక్షరాలతో 'కొండల్' అని ఉంటుంది. ఆ చీమంత అక్షరాలు ఎక్కడున్నాయో తెలిసినవాడికి తప్ప కనపడవు. అతనికి కనపడతాయి.

బుచ్చిరాజు గారి దగ్గర చేరేటప్పటికి కొండలరావుకి ఇంకా మీసం రాలేదు. "చదువొచ్చినవాడు ఎలాగూ వస్తాడు. రానివాడికి బొమ్మ వెయ్యరా" అనేవారాయన. అందుకని పంక్చరు కొట్టుకి టైరు, పళ్ళ డాక్టరుకి పన్ను, పాలకేంద్రానికి ఆవు. బొమ్మ తర్వాతే అక్షరం. అలా పాతికేళ్ళు రాశాడు. ఆ తర్వాత ఒక ఏడాది వానలు వెలిసి చలి మొదలయ్యే లోపల ఊరంతా ఫ్లెక్సీలు లేచాయి. నిచ్చెన ఎక్కమని పిలిచేవాళ్ళు లేకపోయారు. పనిలేక అరుగు మీద కూర్చుని వేళ్ళు విరుచుకుంటూంటే కృష్ణవేణి, అతని భార్య, పక్కన కూర్చుని అంది. "చెయ్యి పోలేదు కదండీ. కుంచె బదులు కంప్యూటరు పక్కన ఆ సబ్బుబిళ్ళలాంటిది పట్టుకుని తిప్పుతున్నారట అందరూ. మీకు రాదా?"

కాలేజీ పిల్లల మధ్య బల్ల మీద కూర్చుని నేర్చుకున్నాడు. పిల్లలు 'తాతగారు' అని పేరు పెట్టారు. అప్పటికి అతని తల ఇంకా నల్లగానే ఉంది.

ఆ పొద్దున, కార్తీక సోమవారం, అతని ముందున్న పని కొబ్బరితాళ్ళ సంఘం వాళ్ళ సైటు.

ఐ.పోలవరం దగ్గర కొంతమంది ఆడవాళ్ళు కొబ్బరి డొక్కల పీచుతో తాళ్ళు పేనుతారు, నేల మీద పరిచే పట్టలు నేస్తారు. పూర్వం వాళ్ళ సరుకు ఒక షావుకారు చేతిమీదుగా వెళ్ళేది. ఎవరు అడిగారో, ఎంత అడిగారో ఆయన చెబితేనే తెలిసేది. కొన్నేళ్ళ కిందట వాళ్ళు సంఘం కట్టుకుని, ప్రశాంతి చేత సైటు పెట్టించుకున్నారు. ఆ సైటులో దారులు వేసింది కొండలరావే. సంఘంలో చాలామందికి అక్షరం ముక్క రాదని అతనికి ముందే తెలుసు. తెర పైన ఒక వరసలో అయిదు బొమ్మలు పెట్టాడు. పీచు, తాడు, పట్ట, గంట, ఇల్లు. ప్రతి బొమ్మ కిందా దాని పేరు. పీచు, తాడు, పట్ట నొక్కితే ఆ సరుకులు, ఇల్లు నొక్కితే సంఘం చిరునామా. గంట నొక్కితే కొత్తగా వచ్చిన ఆర్డర్లు. షావుకారు అక్కర్లేకుండా పోయింది ఆ గంటతోనే.

ఇప్పుడు సరుకు దూరాలకి వెళ్తోంది. సైటు పాతగా కనపడుతోందని, కొత్త డిజైను చేయించుకోమని కొనేవాళ్ళే సలహా ఇచ్చారు. హైదరాబాదులో ఉండే రవితేజ అనే కుర్రాడు డిజైను చేసి పంపాడు. అందంగా చేశాడు. దాన్ని పాత సైటులో ఉన్న పేజీలకి తగిలించడం కొండలరావు పని. లోపలి పేజీలు, వాటి చిరునామాలు, వాటి వరస చెక్కుచెదరకూడదు. పైన మాత్రం కొత్తది రావాలి. పాత వాసాల మీద కొత్త తాటాకు కప్పినట్టు. ఏ ఆకు ఏ వాసానికి కట్టాలో చూసి ముడి వెయ్యాలి. ఒక ముడి తప్పితే ఎవరో తాడు కోసం వచ్చి పట్టల పేజీలో తేలతారు, లేదా గోడ తగిలి వెనక్కి పోతారు.

రేపటి నుంచి విశాఖలో కొబ్బరి ఉత్పత్తుల ప్రదర్శన. సంఘం వాళ్ళు అక్కడ అంగడి పెడుతున్నారు. అందుకని ఈ సాయంత్రం దీపాలవేళకి కొత్త సైటు తెరవాలి.

కొండలరావు ఒక్కొక్క లింకూ కట్టుకుంటూ వచ్చాడు. కట్టినప్పుడల్లా నొక్కి చూసుకున్నాడు. రవితేజ డిజైనులో అయిదు దారులూ తెర మీద కనపడవు. పైన కుడి మూల చిన్న మూడు అడ్డగీతలుంటాయి. వాటిని నొక్కితే జాబితా కిందికి జారుతుంది. ఇప్పుడు అన్ని సైట్లకీ అదే పద్ధతి. కొండలరావు జాబితాలో అయిదు మాటలకీ అయిదు పేజీలు తగిలించి, మూడు గీతల్నీ నాలుగైదుసార్లు నొక్కి, జారడం చూసి, ముచ్చటపడ్డాడు.

ఎండ ఎక్కేవేళకి వెంకటదుర్గా, మేరీ వచ్చారు. వెంకటదుర్గ సంఘానికి అధ్యక్షురాలు. ఆరు పదులు దాటిన మనిషి, నుదుట విభూతి, తడి ఆరని జడకొప్పు. ఎంత కడిగినా పోని పీచు నలుసులు ఆమె గోళ్ళ చుట్టూ ఉంటాయి. మేరీ ఆమె పక్కింటి మనిషి. రాట్నం దగ్గర కూడా పక్కనే కూర్చుంటుంది. మేరీ తిప్పుతుంది, వెంకటదుర్గ పీచు అందిస్తుంది.

"కూర్చోండమ్మా. టీ చెప్పనా?" అన్నాడు కొండలరావు.

"నాకొద్దండీ. సోమవారం ఉపవాసం. చుక్క చూసే దాకా మంచినీళ్ళే."

"నాకు చెప్పండి అన్నయ్యగారూ" అంది మేరీ. "మా వదిన వాటా కూడా నాకే. ఆవిడకి పుణ్యం, నాకు టీ."

వెంకటదుర్గ ఆమె మోకాలి మీద ఒక్కటిచ్చింది.

కొండలరావు కొత్త సైటు ఫోనులో పెట్టి వెంకటదుర్గ చేతికిచ్చాడు. తెర నిండా కొబ్బరితోట, దాని మీద పెద్ద అక్షరాలతో సంఘం పేరు. ఆమె ఫోనుని కొంచెం దూరంగా పట్టుకుని, తలొకసారి అటూ ఒకసారి ఇటూ వంచి చూసింది.

"అబ్బ! పెళ్ళికూతుర్ని చేసేరండీ!"

"రోజూ పొద్దున్నే చూస్తారు కదా ఆర్డర్లు. అలాగే ఇప్పుడు చూడండి. నేనేం చెప్పను" అన్నాడు కొండలరావు. కొత్త బోర్డు కట్టిన రోజున రోడ్డుకి అవతలి వైపు నిలబడి, వచ్చేపోయేవాళ్ళు ఎలా చూస్తున్నారో చూడడం అతనికి మొదటినుంచీ అలవాటు.

వెంకటదుర్గ తెరని రెండు కళ్ళకీ అద్దుకుంది. తర్వాత వేలితో పైకి తోసింది. తోట వెళ్ళి రాట్నం వచ్చింది. రాట్నం వెళ్ళి తాళ్ళ చుట్టలు వచ్చాయి. అడుగుదాకా వెళ్ళి మళ్ళీ పైకి వచ్చింది. మళ్ళీ అడుగుకి వెళ్ళింది.

"గంటేదండీ?"

"ఉందమ్మా. వెతకండి."

ఆమె ఇంకోసారి పైకీ కిందికీ తిరిగింది. మేరీ టీ పక్కన పెట్టి తలదూర్చింది. ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. వెంకటదుర్గ నుదుటి మీద చెమట పట్టింది. చివరికి ఫోను బల్ల మీద పెట్టి, కొంగుతో తెర తుడిచి, కొండలరావు వైపు జరిపింది.

"బావుందండి. చాలా బావుంది. ఇది చదువుకున్నవాళ్ళకి చేసింది కదా, మాకు అందకపోతే తప్పేముంది లెండి. మా తమ్ముడి కొడుకున్నాడు. రోజూ వాడు చూసి చెప్తాడు." చిన్నగా నవ్వింది. "అప్పుడు షావుకారు చెప్పేవాడు. ఇప్పుడు వీడు చెప్తాడు. వీడు మనవాడే కదా, నయం."

కొండలరావు నవ్వలేదు.

"పైన మూల చూసేరా అమ్మా? కుడి పక్క?"

"ఆయ్, చూసేనండి! చూడకపోవడమేంటి! కార్తీక సోమవారం పూట విభూతి రేఖలు పెట్టి మొదలెట్టేరు. అందుకే కదండీ కళ్ళకద్దుకున్నాను. ఉత్తరం పైన శ్రీకారం చుట్టినట్టు, ఎంత ముచ్చటేసిందో!"

ప్రశాంతి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. "పిన్నిగారూ, అవి విభూతి రేఖలు కాదండీ. అవి నొక్కాలి. నొక్కితే గంటా అవీ బయటికొస్తాయి."

"నొక్కాలా! వేలు పెట్టి!"

"నేనూ చూసేనమ్మా" అంది మేరీ. "మీ దేవుడి బొట్టు కదాని నేనూ వేలు పెట్టలేదు. ఉపవాసమున్న మనిషి, ముట్టుకున్నానని నా మీద పడుద్దేమోనని."

ముందు నవ్వింది వెంకటదుర్గే. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తర్వాత నలుగురూ నవ్వారు. నవ్వు అయిపోయాక కొండలరావు ఫోను తీసుకుని ఆ మూలకేసి చూశాడు. మూడు తెల్లటి అడ్డగీతలు. పొద్దుటి నుంచి నొక్కుతూనే ఉన్నాడు. ఎన్నో గుడిగోడల మీద శివుడి నుదుట తన చేత్తోనే ఆ మూడు గీతలూ దిద్దినవాడికి, అవే ఇవని ఒక్కసారీ తట్టలేదు.

"చెప్పేసేం కదా బాబాయ్ గారూ, ఇక తెలిసిపోయినట్టే" అంది ప్రశాంతి.

"ఆయ్, తెలిసిపోయిందండి. ఇక నొక్కుతాను" అంటూ వెంకటదుర్గ వేలు చాపింది. వేలు గీతల దాకా వెళ్ళి, ఆగి, మనసులో ఏదో అనుకుని, అప్పుడు నొక్కింది. జాబితా జారింది. అయిదు మాటలు. పెదవులు కదిలిస్తూ చదివింది. "పీ...చు. తాడు. పట్ట. గంట. ఇల్లు."

"చదివేస్తున్నారే!" అంది ప్రశాంతి.

"నాకు ఈ అయిదే వచ్చండీ మొదట" అంది వెంకటదుర్గ. "మీ పాత సైటులో బొమ్మ కింద మాట ఉండేది కదా. రోజూ తాడు బొమ్మ నొక్కేదాన్ని. నొక్కగా నొక్కగా ఒకరోజు ఇది 'తా', ఇది 'డు' అని దానంతటదే తెలిసిందండి. ఎవరూ చెప్పలేదు. ఆ 'తా' పట్టుకుని బస్సు మీద 'తాళ్ళరేవు'లో 'తా' చూసేను. బస్సులో ఉన్నవాళ్ళందరికీ చెప్పాలనిపించింది. ఆ తర్వాత రాత్రి బడికి వెళ్ళేననుకోండి. కానీ మొదలైంది అక్కడే." ఆమె ఫోనుకేసి చూసింది. "నాకు సరే. మా వాళ్ళున్నారు కదా. కాంతమ్మ గారికి మీరు వెయ్యిసార్లు చెప్పండి, ఆవిడ ఆ గీతలకి రోజూ పసుపూ కుంకుమా పెడుతుంది తప్ప నొక్కదు."

"నువ్వు మాత్రం, నొక్కే ముందు మనసులో చెంపలేసుకున్నావు. చూసేనులే" అంది మేరీ.

కొండలరావు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఎదుటి గోడ మీద కుట్టుమిషను బొమ్మ ఎండలో తేలిపోతోంది. ఎడమ చెయ్యి మోచేతి పైన మెల్లగా రాసుకున్నాడు.

"చెప్పి తెలియాల్సినదైతే ఇక బోర్డు ఎందుకమ్మా?" అన్నాడు వెనక్కి తిరక్కుండా. "రవితేజ బాబుకి ఫోను కలుపు."

రవితేజకి సంగతి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "అంకుల్, మూడు గీతలంటే ప్రపంచమంతా మెనూయే కదా!"

"ప్రపంచమంతా మెనూయే బాబూ. ఐ.పోలవరంలో విభూతి."

అవతల నవ్వు ఎంతకీ ఆగలేదు. "మా అమ్మమ్మ నా ఫోనుకి దణ్ణం పెడితే, నా ఉద్యోగం కోసమనుకున్నానండీ ఇన్నాళ్ళూ!" అన్నాడు. తర్వాత గొంతు మారింది. పనిలో పడినవాడి గొంతు. "పైన పెడితే తోట బొమ్మ పాడైపోతుంది. పోనీ అడుగున పెడదామా అంకుల్? తెర ఎంత కదిలినా ఆ వరస కదలకుండా. బొటనవేలికి కూడా దగ్గరగా ఉంటుంది."

కొండలరావు మనసులో ఆ వరసని గీసి చూసుకున్నాడు. ఫోను పట్టుకున్న చేతికి బొటనవేలు అక్కడికే వస్తుంది. "బాగా చెప్పేవు బాబూ. ఇది నాకు తోచలేదు."

"కానీ చోటు చిన్నది. మాటలు తీసేసి బొమ్మలే ఉంచుదాం."

"మాట ఉండాలి" అన్నాడు కొండలరావు. "బొమ్మ ఒక పిసరు తగ్గించు. మాట మాత్రం తియ్యకు. ఇక్కడ ఒకావిడకి బడి అదే."

రవితేజ సరేనన్నాడు. పాత బొమ్మలు తీసుకుని పెట్టి చూశాడు. అవి ఎప్పటివో చిన్న బొమ్మలు. కొత్త తెర మీద అంచులు చెదిరిపోయాయి. తన దగ్గరున్న సన్నగీతల బొమ్మలు పంపాడు. అందులో గంటని చూసి మేరీ ఇది లోటాయా అని అడిగింది. తాడు వానపాములా ఉంది.

"పాతవి మీరు గీసినవే కదా అంకుల్. మళ్ళీ గియ్యకూడదూ?"

కొండలరావు గ్లాసులోని కుంచెకేసి చూశాడు.

రంగు లేదు. ప్రశాంతి సొరుగులన్నీ వెతికి రబ్బరుస్టాంపుకి పోసే నీలం సిరా బుడ్డి తీసింది. తెల్లకాగితాలు పరిచింది. కొండలరావు కుంచెను తడిపి, పిండి, మొనని నాలిక చివర తీర్చబోయి, సిరా సంగతి గుర్తొచ్చి మానేసి, మునివేళ్ళతో తీర్చాడు. కుడిచేతి కింద స్కేలు ఆనించుకున్నాడు. మొదట గీసిన గంట బొమ్మ పక్కకి వాలిపోయింది.

"గుమ్మడికాయండీ" అంది మేరీ.

"ఊరుకోవే! ఆయనకి చెయ్యి ఇప్పుడిప్పుడే తిరుగుతోంది" అంది వెంకటదుర్గ.

రెండోది కూడా కుదరలేదు. మూడో కాగితం తీసుకున్నప్పుడు అతను ఊపిరి బిగబట్టాడు. బుచ్చిరాజు గారు నేర్పినట్టు, గీత మొదలుపెట్టినచోట కాక ముగించాల్సిన చోట కన్ను పెట్టాడు. కుంచె ఒక్క ఒరవడిలో భుజం నుంచి అంచుకి దిగి, తిరిగి, ఎక్కింది. లోపల గంట నాలుక దిద్దాడు. గంట. మోగించడమే తరువాయి. ప్రశాంతి కాగితాన్ని రెండు చేతులతో అందుకుంది.

తర్వాత అతని చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఇల్లు వచ్చింది. పట్ట వచ్చింది. పీచు కుప్ప వచ్చింది. తాడు గీస్తూంటే వెంకటదుర్గ ఉండబట్టలేక ముందుకు వంగింది.

"పురి అటు కాదండీ. మా రాట్నం పురి ఇటు తిరుగుద్ది." సంచిలోంచి మూరెడు తాడు తీసి కాగితం పక్కన పెట్టింది.

"ఇది ముందే తియ్యాల్సింది కదమ్మా" అని నవ్వి, తాడుని వేళ్ళ మధ్య తిప్పి చూసి, మళ్ళీ గీశాడు. ఈసారి అది వాళ్ళ తాడే.

మధ్యాహ్నం కృష్ణవేణి పెట్టిన క్యారేజీ సగమే తిన్నాడు. ములక్కాడ కూర ప్రశాంతికి ఇచ్చేశాడు. ఆకలి లేదన్నాడు. మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. బొమ్మల్ని ఫోటోలు తీసి పంపితే రవితేజ వాటిని కత్తిరించి, అడుగు వరసలో అమర్చి పంపాడు. ఒక్కొక్క బొమ్మనీ దాని పేజీకి కట్టడం మిగిలింది. గంట నుంచి ఆర్డర్లకి, తాడు నుంచి తాళ్ళకి. ఏళ్ళ కిందట తన చేత్తో పెట్టిన పేజీలు లోపల అలాగే ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు. పాత చిరునామా దాచుకున్నవాళ్ళు పాత దారిన వచ్చినా ఆ పేజీకే చేరతారు. కొత్తవాళ్ళు కొత్త బొమ్మ నొక్కినా అక్కడికే. మూడు గీతలు కూడా ఉంచాడు. "అలవాటున్నవాళ్ళు వాటినే నొక్కుకుంటారు. లేనివాళ్ళు దణ్ణం పెట్టుకుంటారు. రెండూ మంచివే" అన్నాడు.

దీపాలవేళకి సైటు తెరిచారు. వెంకటదుర్గ తన సొంత ఫోను తీసింది. కొబ్బరితోట వచ్చింది. అడుగున నీలం బొమ్మలు అయిదు, వాటి కింద మాటలు అయిదు. ఆమె వెతకలేదు. బొటనవేలు దానంతటదే గంట మీదికి వెళ్ళింది.

"పలివెల నుంచండీ! పందిరి తాళ్ళు కావాలంట!" అని అరిచింది. అరిచి, గదిలో అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది. "నేను చూసేను. నేనే."

కొండలరావు కుర్చీలో వెనక్కి వాలాడు. రోడ్డుకి అవతల నిలబడి కొత్త బోర్డు వైపు చూసినప్పుడు ఎలా ఉండేదో అలా ఉంది అతనికి.

"అంకుల్" అన్నాడు రవితేజ ఫోనులోంచి. "అడుగున తయారుచేసినవాళ్ళ పేరు వెయ్యాలి. మీ పేరు వేస్తున్నాను. గోడల మీద 'కొండల్' అని రాసేవారట కదా?"

"నా పేరు నొక్కితే ఏ పేజీకి వెళ్తుంది బాబూ?"

"ఎక్కడికీ వెళ్ళదనుకోండి."

"ఎక్కడికీ వెళ్ళని మాట తెర మీద ఎందుకు? ఆవిడ నొక్కి చూసి కంగారుపడుతుంది. వద్దు. గంట నాది. చాల్లే."

చుక్క కోసం ముందే కిందికి దిగిన మేరీ కేక వినపడింది. "వదినోయ్! చుక్క వచ్చింది! దిగు, బస్సు కూడా వస్తోంది!"

మందుల షాపు వాళ్ళు అప్పుడే గుమ్మంలో దీపం పెట్టారు. వెంకటదుర్గ దిగి వెళ్ళి, అక్కడే దణ్ణం పెట్టుకుని, సంచిలోని కొబ్బరికాయ కొట్టి, మొదటి చిప్ప పైకెత్తి పిలిచింది. "కొండలరావు గారూ! ప్రసాదం పుచ్చుకోకుండా మీరు వెళ్ళకూడదు. నేను మంచినీళ్ళు కూడా తాగను!"

"వస్తున్నా, వస్తున్నా" అంటూ అతను లేచాడు. చేతిలో కుంచె ఉంది. కుళాయి వైపు రెండడుగులు వేశాడు. మళ్ళీ కేక వినపడింది. కుంచెను గాజుగ్లాసులో తల పైకి ఉండేలా నిలబెట్టాడు. "రేపొచ్చి కడుగుతాలే అమ్మా" అన్నాడు ప్రశాంతితో. మెట్ల మలుపులో ఒకసారి ఆగాడు. చీకటిలో ఎదుటి గోడ కనపడడం లేదు. అయినా అటే చూసి, దిగి వెళ్ళాడు.

ఇంటికెళ్ళి కృష్ణవేణికి విభూతి కథ చెప్పాడు. చెబుతూ నవ్వాడు. ఆమె నవ్వుతూంటే చూసి మళ్ళీ చెప్పాడు. గాలిలో వేలితో గంట గీసి చూపించాడు. "చెయ్యి పోలేదే వేణీ" అన్నాడు.

పొద్దున్న కృష్ణవేణి కాఫీ తెచ్చి మంచం పక్కన పెట్టి పిలిచింది. రెండోసారి పిలవలేదు. అతని కుడిచెయ్యి దుప్పటి మీద ఉంది. చూపుడువేలికి నీలం సిరా. ఆమె ఆ చెయ్యి పట్టుకుని కాఫీ చల్లారేదాకా కూర్చుంది.

విశాఖ బయల్దేరిన సంఘంవాళ్ళకి కబురు దారిలో అందింది. మిగిలినవాళ్ళని సరుకుతో పంపించి, వెంకటదుర్గా మేరీ దిగిపోయి ఆటోలో వచ్చారు. అప్పటికి వాకిట్లో వెదుళ్ళు పరిచి పాడె కడుతున్నారు. కట్టే మనిషి చేతిలో బజారు నుంచి తెచ్చిన ప్లాస్టిక్ తాడు ఉంది. వెంకటదుర్గ చెప్పులు విడిచి, తిన్నగా వెళ్ళి, ఆ తాడు పట్టుకుంది.

"ఇది తియ్యండి నాయనా. ఆయనకి కొన్న తాడా?"

సంచిలోంచి చుట్ట తీసింది. ప్రదర్శనకని ఏరి పెట్టిన తాడు, సన్నగా, బిగువుగా, ఒక్క పీచు లేవకుండా పేనింది. ఒక కొస మేరీ పట్టుకుంది. అరుగు మీద కూర్చున్న కృష్ణవేణి తలెత్తి చూసింది.

"మీరు పేనిందేనా అమ్మా?"

"ఆయ్. మేం పేనిందేనండి. పురి చూడండి, ఆయన గీసిందే."

కృష్ణవేణి ఆ తాడు మీద చెయ్యి వేసి, ఒకసారి తడిమి, తల ఊపింది. అప్పుడు కట్టారు.

ప్రశాంతి ఆఫీసు తలుపు తీసింది దినం అయిన మర్నాడు. ఫోను తీసి సంఘం సైటు పెట్టి చూసింది. విశాఖలో ఎవరో ఆ గంట బొమ్మ ఎవరు గీశారని అడిగారట. వెంకటదుర్గ చెప్పిందట. అడగనివాళ్ళకి కూడా చెప్పిందట. ప్రశాంతి గుడ్డతో రెండు కీబోర్డులూ తుడిచింది. గుడ్డకి మీటల మధ్య దుమ్ము రాలేదు. గ్లాసులోంచి కుంచె తీసింది. వెంట్రుకలు సిరాతో గట్టిపడి, మునివేళ్ళతో తీర్చిన మొన తీర్చినట్టే నిలిచిపోయింది. దాన్ని తీసుకెళ్ళి, కుళాయి తిప్పింది. నీళ్ళు పడుతూంటే కాసేపు చూసి, కట్టేసి, కుంచె కడక్కుండానే వెనక్కి వచ్చింది.

కిటికీ పక్కన గాజుగ్లాసులో ఆ కుంచె తల పైకెత్తి నిలబడింది, మొనలో గంటకి దిద్దిన నీలం అలాగే ఉంది.